ఐసులో ఉప్పు, రాతిలో నీరు

మా ప్రాంతంలో రాయి భూమిలోంచి రాదు, లారీలో వస్తుంది. భీమవరం చుట్టుపక్కల ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. నల్ల కంకర కావాలంటే పంగిడి క్వారీల నుంచి దిగాలి. అలాంటి చోట పుట్టి నేను బీఎస్సీలో జియాలజీ చదివాను, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటూ తెచ్చుకున్నాను. పంపాలా వద్దా అన్నది పెదనాన్నగారు తేల్చాలి. నాన్న ఆయన మాట దాటరు.

తొంభైల్లో ఒక వేసవి మధ్యాహ్నం. చేపల చెరువు గట్టు మీద, షెడ్డు నీడలో, పెదనాన్నగారు ఐస్‌క్రీము పీపా తిప్పుతున్నారు. మధ్యలో పాలడబ్బా, చుట్టూ చితక్కొట్టిన ఐసు, కల్లుప్పు. చెరువు మీది వెలుగు రేకుల కప్పుకి తగిలి ఊగుతోంది. ఆ పూటంతా ఇప్పటికీ నాకు నీళ్ళ అడుగు నుంచి చూసినట్టే కనిపిస్తుంది.

"రాయి కరగాలంటే కింద ఎంత మంట ఉండాలే?" అన్నారు.

"మంట పెంచక్కర్లేదండి."

"మీ లెక్చరర్ నిద్రలో చెప్పాడా?"

"మీ చేతికింద ఐసు కరుగుతోంది కదండి, పొయ్యి పెట్టారా? ఉప్పేశారు."

హ్యాండిల్ ఆగింది. నాకు ఆ సందు చాలు. సముద్రపు నేల ఖండం కిందికి జారే చోట, రాతిలో ఇమిడిన నీరూ దిగుతుందని చెప్పాను. లోతున ఆ నీరు రాతిలోంచి బయటికి ఊరి, పైనున్న వేడి రాతికి తగులుతుంది. వేడి పెరగదు, కరిగే హద్దే తగ్గుతుంది. అండమాన్ దగ్గరి అగ్నిపర్వతం అలాంటిదే. నడిసముద్రంలో పలకలు విడిపోయే చోట నీటి అవసరమే లేదు. అడుగున బరువుకి అణిగి గట్టిగా ఉన్న వేడి రాయి నెమ్మదిగా పైకి లేస్తుంది, మీది బరువు తగ్గేకొద్దీ సందుసందునా కరిగి చెమ్మగిల్లుతుంది. అలా కరిగిన రాయి ఖండం అడుగున ఆగితే, తన వేడితో పక్క రాతినీ కరిగిస్తుంది. చెబుతుంటే నా గొంతే నాకు ఎక్కడినుంచో వినిపించింది.

"అవన్నీ ఎక్కడో. మన డెల్టాలో రాయే లేదు. ఆ చదువు చదివి ఏ కొండల్లో కాపురం ఉంటావ్?"

ఆయన భయం అప్పటికి బయటపడింది. వెళితే ఇక తిరిగి రానని.

"ఉందండి. గ్యాస్ కోసం లోతుగా బోర్లేస్తే, మన మట్టి అడుగున నల్లరాయి తగిలింది. పంగిడి రాయి లాంటిదే, ఒకప్పటి లావా. అదీ బరువు తగ్గి కరిగిందే."

"మన చెరువు కిందా?"

"ఆఁ."

ఆయన లేచి నీళ్ళకేసి చూశారు. "అందుకేనేంటే మొన్న చేపలు తేలాయి? నీళ్ళు కాగుతున్నాయా?"

దొడ్డమ్మగారు, పెదనాన్నగారి భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అది చల్లారి కోట్ల ఏళ్ళయిందండి. చేపలు తేలింది మీరు మేత ఎక్కువేసి."

"నీ నోరు మాత్రం చల్లారలేదు." మళ్ళీ కూర్చున్నారు. "అయితే ఇక్కడే ఉద్యోగం ఉంటుందంటావా?"

"బోరులోంచి వచ్చిన రాయిని చూసి చెప్పే మనిషి కావాలి కదండి."

"ఆడపిల్లని రిగ్గెక్కనిస్తారా?"

"ఎక్కనివ్వకపోతే దెబ్బలాడతాను."

"పాపం వాళ్ళు," అన్నారు. చేతికంటిన ఉప్పు దులుపుకుని, "సరే, వెళ్ళు. మీ నాన్నకి నేను చెప్తాలే."

దొడ్డమ్మగారు డబ్బా మూత తీశారు. తిప్పడం ఆపేశాం కదా, పాలు గట్టిపడలేదు. పైగా ఉప్పునీళ్ళు లోపలికి దిగాయి. అయినా స్టీలు గ్లాసుల్లో పోసి ముగ్గురికీ ఇచ్చారు. చల్లగా, తియ్యగా, ఉప్పగా ఉంది. తప్పెవరిదని పెదనాన్నగారు అడగలేదు. నేనూ వాదించకుండా తాగాను.