గుసగుసమ్మ నోరు మెదపని ఆదివారం

ఆ నాటక బృందంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆమె గుసగుసమ్మే. పగలు పుస్తకాలకు అట్టలు వేసే దుకాణంలో పని, సాయంత్రాలు సైకిల్ షాపు మీది గదిలో రిహార్సల్స్. పక్కతెర చాటున నిలబడి, మాట మరిచిపోయిన నటుడికి మాట అందించడం ఆమె విద్య. అదేం పెద్ద పని అనుకునేవాళ్ళు ఒక్కసారి చేసి చూడాలి. నటుడు మరిచిపోయి ఆగాడా, కావాలని ఆగాడా అన్నది అతని భుజాలు చూసి పసిగట్టాలి. అందించిన మాట అతని చెవిన పడాలి, మొదటి వరుసలో కూర్చున్నవాడి చెవిన పడకూడదు. ముప్పై రెండేళ్ళుగా ఆమె ఈ పని పొల్లుపోకుండా చేస్తోంది. కంచుకంఠం అని పేరుమోసిన పెద్ద నటుడు కూడా, ఆమె ఎక్కడ నిలబడిందో ఓసారి చూసుకున్నాకే స్టేజి ఎక్కుతాడు. ఆ సంగతి అతను ఒప్పుకోడు. ఆమె మాత్రం అందరికీ చెబుతుంది.

అలాంటి మనిషిని ఓ తలుపు తిప్పలు పెట్టింది. ఆమె కోడలు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో రెండో అంతస్తులో పని చేస్తుంది. అక్కడ మూడువందల మంది ఆడవాళ్ళు, వెనక మెట్లకు ఒకటే తలుపు. పని మొదలవగానే ఆ తలుపుకు తాళం పడుతుంది, బట్ట దొంగచాటుగా బయటికి పోకుండా. ఎండాకాలంలో ఒకరోజు ఇస్త్రీ బల్ల దగ్గర మంట లేచింది. తాగేనీళ్ళ క్యాన్లు కుమ్మరించి ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ కాసేపట్లో వెనక తలుపు వైపు పరిగెత్తినవాళ్ళంతా తాళాన్ని చూశారు. ఆ సాయంత్రం కోడలు వాచిన వేళ్ళతో ఇల్లు చేరింది. తలుపు బాది బాది అలా అయ్యాయి. టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్న ఆ పిల్లకు గుసగుసమ్మే తాగించింది. ఈసారి నీళ్ళతో ఆరని మంట వస్తే?

మర్నాడే ఆమె నాటకాలు ఆడించే డైరెక్టరు మీద పడింది. ఆయన పగలు బళ్ళో లెక్కలు చెబుతాడు కాబట్టి అందరికీ మాస్టారు.

"మాస్టారూ, ఆ రాజుల నాటకం అటక మీద పడేయండి. ముందు ఈ తలుపు సంగతి చూద్దాం. తాళం ఊడేదాకా ఆడదాం."

మాస్టారు సరేనన్నారు. మొదట ఏడిపించే నాటకం కట్టారు. ఫ్యాక్టరీ ఎదుట బడి హాలు, ఆదివారం సాయంత్రం. కూతుర్ని మంటల్లో పోగొట్టుకున్న తండ్రిగా కంచుకంఠం ఆ పిల్ల కుట్టిన చొక్కా గుండెలకు హత్తుకుని ఏడిస్తే, హాల్లో తడవని కొంగు లేదు. బయటికొస్తూ ఆడవాళ్ళు అనుకున్న మాటలు గుసగుసమ్మ మెట్ల దగ్గర నిలబడి విన్నది. "ఎంత బాగా ఏడ్చాడే మహానుభావుడు!" "ఏం చేస్తాం, ఎవరి రాత ఎలా ఉందో." కడుపారా ఏడ్చి, మనసు తేలికపడి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి తాళం వేసిన గదిలో కూర్చున్నారు.

రెండోసారి నవ్వించారు. పడుకున్నా మెడలోంచి తాళంచెవి తియ్యని సూపర్‌వైజరు, గుటక వేస్తే తాళంచెవి కదిలి గంటలా మోగడం, అదో గోల. జనం కుర్చీల్లోంచి కిందపడి మరీ నవ్వారు. అసలు సూపర్‌వైజరు కూడా వచ్చి వెనక వరుసలో పొట్ట పట్టుకుని నవ్వాడు. పోతూ పోతూ మాస్టారి భుజం తట్టి, "కంపెనీ వార్షికోత్సవానికి ఇదే వెయ్యండి సార్, మా ఓనరుగారికి భలే నచ్చుతుంది," అన్నాడు. ఇంతకంటే పెద్ద చెంపదెబ్బ ఇంకేముంటుంది?

ఆ వారమంతా మాస్టారు నల్లబల్ల మీద లెక్క తప్పినవాడిలా తిరిగారు. చివరికి అందరినీ కూర్చోబెట్టి అన్నారు:

"వాళ్ళ ఏడుపు మనమే ఏడ్చేశాం. వాళ్ళ కోపం నవ్వులో పోగొట్టేశాం. వాళ్ళకేం మిగిల్చామని? ఈసారి నాటకం మధ్యలో ఆపేద్దాం. పొగ వస్తుంది, తలుపు తెరుచుకోదు. అక్కడ ఆపి, ఇప్పుడేం చెయ్యాలో మీరే వచ్చి చేసి చూపించండి అందాం."

స్టేజి లేదు, తెర లేదు. హాలు మధ్యలో కుర్చీలే మిషన్లు. చుట్టూ జనం. కంచుకంఠమే సూపర్‌వైజరు. పొగ రాగానే నాటకం ఆగింది. మాస్టారు అడగాల్సింది అడిగారు. హాలంతా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

ఆ నిశ్శబ్దం గుసగుసమ్మ వల్ల కాలేదు. స్టేజి మీద మాట ఆగితే ఆమెకు ఊపిరి ఆగినట్టే. ఒళ్ళు తెలియకుండానే, ముప్పై రెండేళ్ళ అలవాటు కొద్దీ, దగ్గర్లో కూర్చున్నామెకు అందించేసింది: "తాళం తియ్యమని అడగాలి!" ఆ కూర్చున్నామె పరీక్షలో చీటీ దొరికిన పిల్లలా లేచి అదే మాట గట్టిగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఐదు నిమిషాల్లో నాటకం అయిపోయింది, అందరూ ఇళ్ళకు పోయారు.

మాస్టారు అంతగా మండిపడటం ఎవరూ చూడలేదు. "ఎందుకు చెప్పారమ్మా?"

"మాట ఆగిపోతే అందివ్వడం నా పని!"

"నటులకమ్మా! వాళ్ళు మాట మరిచిపోలేదు, వెతుక్కుంటున్నారు. మీరు మీ మాట ఇచ్చారు. వాళ్ళు మీ మాటకే చప్పట్లు కొట్టారు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కోడలితో మొరపెట్టుకుంది. "నేనేం తప్పు చెప్పానే? అడగొద్దా?"

కోడలు ఇంట్లో పది మాటలకు ఒక మాట బదులిచ్చే మనిషి. ఆ రోజు మాత్రం చేతిలోని బట్ట పక్కన పెట్టి కూర్చుంది.

"అడిగాం అత్తయ్యా. మంట వచ్చిన మర్నాడే మా పక్క మిషనామె అడిగింది. ఆమెని బొత్తాల బల్లకి మార్చేశారు. సగం జీతం. ఒడ్డున ఉన్నవాళ్ళు ఎన్నయినా చెబుతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?"

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. గుసగుసమ్మ ఆ రాత్రంతా అలిగింది. మర్నాడు పొద్దునకల్లా అలక తీరి సిగ్గు మిగిలింది. సిగ్గుపడటం ఆమెకు అలవాటు లేని పని, అయినా పడింది. మాస్టారి దగ్గరికెళ్ళి, "మళ్ళీ వెయ్యండి. ఈసారి నేను నోరెత్తితే గదిలోంచి గెంటెయ్యండి," అంది.

తరువాతి ఆదివారం హాలు కిక్కిరిసింది. గుసగుసమ్మ మూలన స్టూలు మీద, ఒళ్ళో నాటకం ప్రతితో కూర్చుంది. పొగ వచ్చింది. నాటకం ఆగింది. మాస్టారు అడిగారు. మళ్ళీ అదే నిశ్శబ్దం. నాలుక చివర మాట దురద పెడుతోంది. ఆమె పెదవులు బిగించి చీర చెంగు నలుపుకుంది. ఒకామె దగ్గింది. ఎవరో కుర్చీ జరిపారు. అప్పుడు బొత్తాల బల్లకి మార్చినామె లేచి వచ్చి తాళం తియ్యమంది.

"ఎవరది? పేరేంటి?" అని కంచుకంఠం గర్జించాడు. "రేపట్నించి గేటు బయటే నీ పని!"

"అచ్చం వాడే!" అన్నారు జనంలోంచి. ఇంకొకామె వచ్చి తాళం పగలగొడతానంది. పోలీసుల్ని పిలుస్తానన్నాడు కంచుకంఠం. ఆమె గొణుక్కుంటూ వెళ్ళి కూర్చుంది.

మూడోది కోడలు. ఆ పిల్ల జనంలోంచి లేచి వస్తుంటే గుసగుసమ్మ స్టూలు మీంచి సగం లేచింది. రేపు ఈ పిల్లని కూడా బొత్తాల బల్లకి తోసేస్తే? వారించబోయి, ఆగింది.

కోడలు వెళ్ళి ఒక కుర్చీ పక్కన నిలబడింది. "పొగ వచ్చాక కాదు, పొద్దున్నించి మొదలుపెడదాం. గంట కొట్టండి," అంది. కంచుకంఠం గంట కొట్టాడు.

"కూర్చో!"

"బట్ట కట్టలన్నీ వెనక మెట్ల మీదుగానే పైకి తెచ్చుకుంటాం. అందరం తెచ్చుకుని కూర్చున్నాకే కదా సార్ తాళం వేస్తారు? అయితే కూర్చోం."

ముందు బొత్తాల బల్లామె వచ్చి కోడలి పక్కన నిలబడింది. ఆపైన నలుగురు. ఆపైన లెక్క తెలియలేదు, హాలు సగం లేచి నిలబడింది. కంచుకంఠం పేరేంటి అని అరవబోయాడు. ఎవరి పేరు అడగాలి? నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మెల్లగా తల తిప్పి, స్టూలు వైపు చూశాడు.

సూపర్‌వైజర్లు వాడే బెదిరింపులు ఆమె దగ్గర డజను ఉన్నాయి. ఒక్కటి అందిస్తే చాలు, అతను గట్టెక్కుతాడు. గుసగుసమ్మ ఒళ్ళోని ప్రతి మూసేసి, అతని కళ్ళలోకే చూస్తూ ఊరుకుంది. ఆమెకు భయంగా ఉంది, అంతకు పదింతలు గర్వంగా ఉంది.

మర్నాడు సోమవారం. దుకాణంలో ఆమె రెండు పుస్తకాలకు అట్టలు తలకిందులుగా వేసింది. సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే పట్టుకుంది.

"తలుపు?"

"తీసే ఉంది అత్తయ్యా. తాళం బదులు అక్కడ వాచ్‌మన్‌ని కూర్చోబెట్టారు."

గుసగుసమ్మకు కళ్ళనీళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"ఎంతసేపు నిలబడ్డారే?"

"నలభై నిమిషాలు."

"మరి ఆ సూపర్‌వైజరుతో ఎవరు మాట్లాడారు? ఏమన్నారు? మాట మాట చెప్పు."

"ఎవరూ ఏమీ అనలేదు అత్తయ్యా," అంది కోడలు. "ఆయనే మాట్లాడి మాట్లాడి, ఆగిపోయాడు."