ఎగిరిపోని పాలపిట్ట

నా చేతికి కెమెరా ఇచ్చినవాడు మా బావ, అంటే మా అక్క మొగుడు. టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని వెళ్ళినవాడికి పిట్టలు కాక ఇంకెవరు స్నేహితులవుతారు? ఏ నెలలో ఏ పిట్ట ఏ చెట్టు మీద వాలుతుందో ఆయనకి కంఠోపాఠం. మనుషుల పుట్టినరోజులు మాత్రం ఒక్కటీ గుర్తుండవు, మా అక్కది సహా.

మా అమ్మ పోయిన ఏడాది నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వంట చేసేదాన్ని, స్కూలుకి వెళ్ళి పాఠాలు చెప్పేదాన్ని, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. దేవుడి దగ్గర దీపం పెట్టడం కూడా మానేశాను. మా ఆయన ఇదే ఊళ్ళో ఉక్కు ప్లాంటులో ఇంజనీరు. ఆగిపోయిన మెషీను ముందు నిలబడితే ఆయనకి వంద ఉపాయాలు తోస్తాయి, నా ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడిపోయేవాడు. అలాంటి రోజుల్లో బావ తన పాత కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"పూజ మానేసినావంట కదా. మానీ. ఇది పట్టుకో. ఇదీ పూజే," అన్నాడు.

ఆ పూజకి బోలెడు మడి. స్నానం చెయ్యకుండా కెమెరా ముట్టకూడదు. పిట్ట కనిపిస్తే ముందు దణ్ణం, తర్వాతే కెమెరా. గూటి దగ్గరికి పోకూడదు. గింజలు చల్లి పిలవకూడదు, రాయి విసిరి లేపకూడదు. "అదే వచ్చి కనబడాల. మనం రప్పించినామంటే అది ఫోటో అవుద్ది గానీ దర్శనం అవదు," అనేవాడు. ఆకాశంలో గరుడ పక్షి తిరుగుతుంటే ఇద్దరం లెంపలు వేసుకునేవాళ్ళం. ఉడుత కనిపిస్తే దాని వీపు నిమిరిన రాముడి వేళ్ళు గుర్తొచ్చేవి. దల్మా కొండ వైపు వెళ్ళినప్పుడు, సంతాలీ గిరిజనుల దేవతలుండే సాల చెట్ల తోపు దగ్గర కెమెరా సంచిలో పెట్టించేవాడు. ఆ దేవుళ్ళని అడక్కుండా బొమ్మ తియ్యడానికి మనమెవరం అనేవాడు. పంతులుగారు చెప్పిన ఏ నియమాన్నీ నేను అంత శ్రద్ధగా పాటించలేదు.

అన్నిటికన్నా పెద్ద పూజ దసరా నాటిది. అజ్ఞాతవాసం ముగించుకుని, జమ్మి చెట్టు మీద దాచిన ఆయుధాలు దింపుకుని వస్తున్న పాండవులకి పాలపిట్ట ఎదురొచ్చిందట, ఆ తర్వాత వాళ్ళకి ఓటమి లేదట. అందుకే దసరా నాడు పాలపిట్టని చూడాలంటారు. ఇక్కడి హిందీవాళ్ళు దాన్నే నీల్‌కంఠ్ అంటారు, శివుడే ఆ రూపంలో వస్తాడని వాళ్ళ నమ్మకం. సువర్ణరేఖ నది దాటి కొంత దూరం వెళ్తే పొలాలు. దసరా పొద్దున్నే బావ స్కూటరు మీద ముందు వెళ్ళేవాడు, తర్వాత మా ఆయన నన్ను కారులో తీసుకెళ్ళేవాడు. పొలం గట్టున నరికేసిన చెట్టు మొద్దు ఒకటుంది. దాని మీద పాలపిట్ట కూర్చుని ఉండేది.

మొదటి ఏడాది దాన్ని చూసి అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను. నేను దగ్గరికి వెళ్తున్నా ఎగిరిపోలేదు. ఇంకా దగ్గరికి వెళ్ళాను. తల తిప్పి నా వైపు చూసింది తప్ప కదల్లేదు. అమ్మే పంపిందనుకున్నాను. ఇంటికొచ్చి తల మీద నీళ్ళు పోసుకుని దీపం వెలిగించాను. ఆ రాత్రి మా ఆయనతో కూర్చుని భోజనం చేశాను. ఆ తర్వాత ప్రతి దసరాకీ అది వచ్చింది, ప్రతి దసరాకీ నన్ను దగ్గరికి రానిచ్చింది. ఏడాదంతా ఎలా ఉన్నా, ఆ పొద్దుటి కోసం నేను బతకగలిగేదాన్ని.

ఊరికే ఉంటే నేనెందుకవుతాను? నలుగురికీ చెప్పాను. తెలుగువాళ్ళ దసరా ఉత్సవాల్లో ఆ ఫోటో పెద్దది చేయించి పెట్టారు, ఆడవాళ్ళు దాని ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు. మైకు పట్టుకుని ఉపన్యాసం కూడా ఇచ్చాను. పండగనాడు పంజరంలో పిట్టని పెట్టుకుని "నీల్‌కంఠ్ దర్శన్ కర్ లో, మా!" అంటూ ఇంటింటికీ తిరిగేవాళ్ళుంటారు. వాళ్ళని గేటు బయటే నిలబెట్టి తిట్టిపోశాను. కట్టేసిన పిట్టని చూస్తే పుణ్యం ఎక్కడిది, పాపం గానీ అన్నాను. మా ఆయన పక్కనే నిలబడి అంతా విన్నాడు.

మొన్న దసరాకి ముందు రోజు మా ఊళ్ళోనే బర్మామైన్స్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళాను. పండగ పులిహోరకి చింతపండు గుజ్జు అక్కే కలిపి ఇస్తుంది. అక్క వంటింట్లో ఉంది. కాళ్ళు కడుక్కుందామని పెరట్లో బాత్‌రూం తలుపు తీశాను.

"ఒలే, తలుపేసెయ్! పిల్లి వచ్చేత్తాది!" అని వంటింట్లోంచి అరిచింది.

బకెట్టు పక్కన వెదురు బుట్ట, దాని మీద తడిగుడ్డ. గుడ్డ తీశాను. లోపల పాలపిట్ట. కాలికి దారం. రెక్క విప్పబోయింది, విచ్చుకోలేదు. ఈకలన్నీ జిగురుతో ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. చివరలు కత్తిరించి ఉన్నాయి.

బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దొరికిపోయిన మనిషి మొహం కాదది. నాకు దెబ్బ తగిలితే చూసేవాడి మొహం.

"ఇదేంటి బావా?"

"రేపు నీకోసమేనమ్మా. బజార్లో పిట్టలు పట్టేవోడు ఇచ్చినాడు."

"ప్రతి ఏడాదీనా?"

తల ఊపాడు.

"మొదటి ఏడాది కూడానా?"

"ఆ యేడు నేనూ, మీ ఆయనా తెల్లారకముందు నుంచీ ఎతికినామమ్మా. ఒక్కటీ కానరాలేదు. నువ్వేమో పలుకూ ఉలుకూ లేకుండా అయిపోనావు. మమ్మల్నేటి సెయ్యమంతావు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మట్టి బొమ్మకి దండమెట్టుకుంతే పుణ్యం రాదేటి? అదీ మనం ఎట్టిందే కదా," అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. మట్టి బొమ్మకి నొప్పి తెలుస్తుందా అని అరిచాను. రప్పించకూడదని నాకు చెప్పిన నోరు ఎవరిదని అడిగాను. మా దర్శనం అయ్యాక ఆ పిట్టలు ఏమయ్యేవని అడిగాను. అక్క గరిటె పట్టుకుని వచ్చి, "పండగపూట ఆ ఊసెందుకే ఇప్పుడు?" అంది. ఒక్కటీ బతకలేదని నాకు అర్థమైపోయింది.

ఆ బుట్ట ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ బుట్టని చూశాడు. ఏమిటని అడగలేదు.

"ఆ మొదటి దసరా రాత్రి, భోజనం దగ్గర నువ్వు నవ్వావు," అన్నాడు చివరికి. "మర్నాడు చెబుదామనుకున్నాను. తర్వాత ధైర్యం చాల్లేదు."

"నేను మైకులో మాట్లాడిన రోజైనా చెప్పాల్సింది కదండీ?"

బూటు లేసు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. నన్ను పసిపిల్లని చేసి ఇంటిల్లిపాదీ ఆడించారు. ప్రేమతో చేశారని నాకు తెలుసు, అందుకే మరీ కోపం. శత్రువు చేసి ఉంటే ఒక్కరోజు తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆ పిట్ట నన్ను నమ్మి కూర్చుందనుకున్నాను. పారిపోలేక కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళే ప్రతి అడుగుకీ అది ఎంత భయపడి ఉంటుందో! నేనేమో కళ్ళనీళ్ళతో దణ్ణం పెట్టి, కెమెరా ఎత్తి, ఇంకాస్త దగ్గరికి జరిగేదాన్ని.

ఆ సాయంత్రమే సాక్చిలో పశువుల డాక్టరొకాయన జిగురు వదిలించాడు. కొత్త ఈకలు వస్తేనే ఎగరగలదని, అందుకు నెలలు పడుతుందని చెప్పాడు. వరండాలో వల కట్టి పెట్టాను. ఇప్పటికీ నేను మేత పెట్టడానికి వెళ్తే మూలకి నక్కి, గొంతు చించుకుని అరుస్తుంది.

మర్నాడు దసరా పొద్దున్న కింద స్కూటరు హారను మోగింది. వెళ్ళకూడదనుకుంటూనే దిగాను. బావ కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. చేతిలో బుట్ట లేదు, సంచి లేదు. అది నాకు చూపించడానికన్నట్టు రెండు చేతులూ ముందుకు పెట్టాడు.

"రామ్మా, ఊరికే ఎల్దాం. ఈసారి నేను ముందెల్లలేదు. ఏటీ ఎట్టలేదు. అమ్మోరి దయుంటే అదే వత్తాది, లేదంటే లేదు. ఒట్టు."

ఆయన నిజమే చెబుతున్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. గూటి దగ్గరికి పోవద్దని చెప్పినప్పుడూ అదే గొంతు.

"అది నిజంగానే వచ్చి కూర్చున్నా, నేను ముందు దాని రెక్కలే చూస్తాను బావా," అన్నాను. "ఇంక నాకు దణ్ణం పెట్టడానికి చేతులు లేవవు."

ఆయన ఇంజను స్టార్టు చెయ్యకుండానే, స్కూటరు తోసుకుంటూ గేటు దాకా వెళ్ళాడు.