కాక కట్టిన కంప్యూటర్

మొన్న మా అమ్మాయి ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "అమ్మా, కంప్యూటర్ రెడీమేడ్‌ది కొనాలా, పార్టులు తెచ్చి నేనే అసెంబుల్ చేసుకోవాలా?" అని అడిగింది. బెండకాయలు తరుగుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఇదే ప్రశ్న ఒకప్పుడు మా ఇంట్లోనూ వచ్చింది. దాని వెనక నేను చేసిన పని మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సాగర్ రోడ్డు పొడుగునా మెట్ట చెలకల్లో ప్లాట్ల రాళ్ళు మొలుస్తున్న రోజులవి. మా బాపు కూడా ఉన్న చెలక వెంచర్ వాళ్ళకు ఇచ్చేశాడు. నాకు శేరిగూడలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది, కంప్యూటర్ కావాలి. బాపు తమ్ముడు, మా కాక, ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదురుగా ఒక మేడమీది గదిలో కంప్యూటర్లు కట్టి అమ్మేవాడు. 'కట్టడం' అన్నది ఆయన మాటే, అదేదో ఇల్లయినట్టు! సిటీ నుంచి పార్టులు తెచ్చేటప్పుడు బస్సులో సంచి కింద పెట్టేవాడు కాదు, పసిబిడ్డలా ఒళ్ళోనే పెట్టుకునేవాడు. "నా పిల్లల్ని గూడ గింత పైలంగ ఎత్తుకోలే ఈయన" అని చిన్నమ్మ ఎకసెక్కమాడేది.

నాకేమో సీలు వేసిన అట్టపెట్టెలో వచ్చే కంపెనీ కంప్యూటర్ మీద మనసు. నా బెంచీలో కూర్చునే విజయవాడ అమ్మాయి ఇంట్లో అలాంటిదే ఉండేది మరి. కాక మాత్రం పట్టు వదల్లేదు. "అన్నా, డబ్బల ఏమున్నదో నీకు తెల్వది, నాకు తెల్వది. నేను కడితే ఏది ఖరాబైనా అదొక్కటే మార్చొచ్చు. నా బిడ్డకు నేను కట్టియ్యనా?" అన్నాడు. "సరే తియ్" అన్నాడు బాపు. నేను మూతి ముడుచుకున్నాను.

రెండు రోజులు మా ఇంట్లో చాప పరుచుకుని కట్టాడు. స్క్రూలన్నీ ఒక అగ్గిపెట్టెలో. అమ్మ చాయ్ తెస్తే లేచి అరుగు మీదికి పోయి తాగి, చేతులు తుడుచుకుని వచ్చేవాడు. లోపల గాలి ఆడాలని పక్క రేకు మాత్రం బిగించలేదు. "దీని దగ్గర నీళ్ళ గ్లాసు గూడ పెట్టకు బిడ్డా" అని రెండుసార్లు చెప్పాడు. మంచిగా పనిచేసింది, అబద్ధం ఎందుకు! అయినా ఆ తెరిచిన పక్క, లోపలి వైర్లు చూసినప్పుడల్లా నాకు నామోషీగా ఉండేది.

నెల తిరక్కముందే దసరా వచ్చింది. పొద్దున ఆయుధ పూజలో కత్తిపీట, కుట్టుమిషన్, బాపు బండి, వాటితోపాటు కంప్యూటర్. పసుపు బొట్లు పెట్టి, బంతిపూలు వేసి అమ్మ వంటింట్లోకి పోయింది. నేను బండి మీద కొబ్బరినీళ్ళు చల్లి, అదే చేత్తో పసుపు కలిసిన ఆ నీళ్ళు కంప్యూటర్ మీదా చల్లాను. తర్వాత పాటలు పెడదామని స్విచ్ వేస్తే టప్పుమంది, మాడు వాసన. నీళ్ళు లోపలికి పోయాయని అప్పుడు అర్థమైంది. భయమేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇక బాపు కంపెనీది కొంటాడని కూడా అనిపించింది. కాలిపోయిందని మాత్రం బాపుకు చెప్పాను, నీళ్ళ మాట ఎత్తలేదు.

సాయంత్రం కాక జమ్మి పట్టుకుని వచ్చాడు. దసరానాడు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం కదా. వాడకట్టంతా మా వాకిట్లోనే ఉంది. బాపు చెయ్యి చాపలేదు. "నెల గూడ కాలే, కాలిపాయె. నీ చేత ఏ పని నిలబడ్డది గనక? ఊరందరికి గిసొంటియే అంటగడుతున్నవా?" అన్నాడు.

కాక జమ్మి జేబులో పెట్టుకుని, వంగి కంప్యూటర్ లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తలెత్తి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"పార్టు ఖరాబ్‌ది వచ్చిందన్న. నాదే తప్పు" అని, కాలిన బోర్డు ఊడదీసుకుని పోయాడు.

కంప్యూటర్ కట్టమని కాకకు చెప్పినవాళ్ళు కూడా ఆ వాకిట్లోనే ఉన్నారు. వాళ్ళెవరూ మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు. ఉగాదికల్లా కాక గది ఖాళీ చేసి, పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక ప్లాట్ల ఆఫీసులో కుదిరాడు, కొనేవాళ్ళను జీపులో తిప్పే పనికి. మా ఇంటికి సీలు పెట్టె వచ్చింది. ప్రతి దసరాకూ కాక వచ్చి బాపు చేతిలో జమ్మి పెట్టేవాడు, "మంచిగున్నవా బిడ్డా" అని నన్ను అడిగేవాడు. చెబుదామనే అనుకునేదాన్ని. చుట్టాలున్నారు, పిల్ల ఏడుస్తోంది, వచ్చే దసరాకు చూద్దాం అనుకుంటూ గడిపేశాను.

పోయినేడు కాక గుండె ఆగి పోయాడు. దినాలనాడు చిన్నమ్మ ఒక గుడ్డమూట నా చేతిలో పెట్టింది. "బీరువల దాసిండు. పారేస్తనంటే, బిడ్డ ఎప్పుడన్న అడుగుతదేమో ఉండనీ అన్నడు." విప్పితే ఆ బోర్డే. దాని మీద పసుపు మరక, ఎండి అతుక్కుపోయిన బంతిపువ్వు రేక.

మొన్న అమ్మాయి అడిగాక ఆ మూట తీసుకుని బాపు దగ్గరికి పోయాను. అంతా చెప్పాను. బాపు తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ముసలి అరచెయ్యి చాపి ఆ ఖాళీ చేతినే చూస్తూ, "ఆనాడు వాని జమ్మి పట్టకపోతి" అన్నాడు.

నీళ్ళు చల్లింది నేనే కాకా అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఇన్ని దసరాలు చాలలేదు.