ఒళ్ళు దులపని పుంజు

కోడిపిల్లల షెడ్డు దగ్గరికి ఎవరొచ్చినా ఇస్తారి ముందు వాళ్ళ కాళ్ళవైపు చూసేవాడు, తర్వాతే మొహంవైపు. గుమ్మంలో మందునీళ్ళ తొట్టి, దాని పక్కన షెడ్డులో మాత్రమే వేసుకునే రబ్బరు చెప్పులు. సూపర్‌వైజర్ నసీరుద్దీన్ ఒకసారి ఫోన్‌లో మాట్లాడుతూ బూట్లతోనే లోపలికి అడుగు వేయబోతే, ఇస్తారి చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, బూట్లు" అన్నాడు, అంతే. నసీరుద్దీన్ ఫోన్ పెట్టేసి బూట్లు విప్పాడు.

ఇస్తారిది జగిత్యాల దగ్గర పల్లె. ఒమాన్‌కు వచ్చింది కోళ్ళ కోసం కాదు, సైట్‌లో సిమెంటు మోయడానికి. సెంట్రింగ్ చెక్క జారి మీద పడి మోకాలు పాడయ్యాక మెట్లెక్కే పని చేతకాలేదు. హమ్రియా బస్తీలో ఇరుకు రూమ్‌లో దిక్కు తోచక పడి ఉంటే, నిజామాబాద్ మనిషి నసీరుద్దీన్ తను పనిచేసే కోళ్ళ ఫారంకు తీసుకుపోయాడు. బర్కా ఊరు దాటాక ఖర్జూర తోటలు పలచబడి ఇసుక మొదలయ్యే చోటు అది. గుడ్ల కోళ్ళను అక్కడ పిల్లల నాటి నుంచే పెంచుతారు. గుడ్డులోంచి బయటపడ్డ రోజే బండిలో వచ్చే ఆ పిల్లలను ఇస్తారికి అప్పగించారు.

ఆ పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పిల్లను అరచేతిలోకి తీసుకుని దాని పాదాలు తన చెంపకు ఆనించేవాడు. చల్లగా తగిలితే వేడి లైట్లు కిందికి దించేవాడు. పిల్లలు కుప్పగా చేరితే చలి, గోడలకు అతుక్కుంటే ఉక్క, షెడ్డంతా పరుచుకుని తిరుగుతుంటే సుఖం. అరుపు వింటే చాలు, దప్పికో భయమో చెప్పేవాడు.

ఊళ్ళో ఉన్న భార్య రాములవ్వ ఫోన్‌లో వెక్కిరించేది. "మన పోరగాండ్లను ఒక్కనాడన్న ఎత్తుకోకపోతివి. గా కోడిపిల్లలను చెంపలకు ఆనిచ్చుకుంటున్నవా?"

అతను నవ్వి, నిజమేనని ఒప్పుకునేవాడు.

పోయిన ఎండాకాలం వచ్చిన పిల్లలకు తెల్లగా విరేచనమయ్యే పారుడు రోగం పట్టింది. సగానికి పైగా పోయాయి. డాక్టరు పరీక్ష చేయించి సాల్మొనెల్లా అనే క్రిమి అన్నాడు. నసీరుద్దీన్ పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి తనకు తెలిసిన భాషలో చెప్పాడు.

"అప్పుడే పుట్టిన పిల్ల కడుపు ఖాళీ ఇల్లసుంటిది. మంచి క్రిములు ముందుగాల జొర్రితే చెడ్డయాటికి జాగ ఉండది. అందుకే మొదటి నీళ్ళల్ల గీ మంచి క్రిముల పొడి కలుపుతున్నం. చెడ్డది ఎక్కువ వచ్చి పడ్డదంటె పొడి గూడ ఏం జెయ్యది. బయటి కోడి, బయటి ఈక, బయటి చెప్పు, ఏదీ ఫారంల అడుగు పెట్టద్దు. ఈసారి గూడ పోతే పిల్లల షెడ్డు మూసేస్తరు. ఇగ మీ ఇష్టం."

కొత్త పిల్లలు వచ్చాయి. ఇస్తారి తన చేత్తోనే తొట్లు కడిగాడు, పొడి కలిపాడు, ప్రతి పిల్ల ముక్కూ ఒకసారి నీళ్ళలో ముంచి తాగడం నేర్పాడు. అయినా గుండెలో గుబులు పోలేదు. పోయినసారి చచ్చిన పిల్లలు కళ్ళ ముందు మెదిలేవి. ఆ మాటే రాములవ్వతో అన్నాడు.

"మందు దారి మందుదే, మొక్కు దారి మొక్కుదే," అంది ఆమె. "పోచమ్మకు ఒక పుంజును మొక్కు."

"ఈడ పోచమ్మ యాడున్నదే?"

"రాయన్న ఉన్నదా లేదా ఆ దేశంల? పసుపు పూసి పెట్టు."

అట్లా ఇస్తారి, ఎవరి బూట్లనైనా విప్పించే మనిషి, ఒక తోటలో ముసలాయన దగ్గర ఎర్ర పుంజును కొని సంచిలో పెట్టుకుని తెచ్చాడు. షెడ్లకు రూమ్‌లు దూరం. పూటలో పని అయిపోతుంది, కోసి వండుకుంటే ఈక కూడా మిగలదు అనుకున్నాడు.

రూమ్ వెనక తుమ్మచెట్టు కింద రాయికి పసుపు పూసి, పుంజు మీద నీళ్ళు చల్లాడు. పుంజు ఒళ్ళు దులుపుకోవాలి. దులుపుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టు. అంతవరకు కత్తి ఎత్తకూడదు. ఇది మెడ లోపలికి ముడుచుకుని అట్లాగే నిలబడింది. మళ్ళీ చల్లాడు. నీళ్ళు ఈకల మీద నుంచి కారిపోయాయి.

కడప వంటమనిషి వీరబ్రహ్మం కత్తి పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. "ఏం మామా, నీ కోడి గూడా వీసా కోసం ఎదురుచూస్తాండాదా? మసాలా నూరి పెట్టినా. కోసేద్దాం రా."

"అమ్మ ఒప్పుకోలేదు. ఉండనీ."

"ఒప్పుకునేది అమ్మా, కోడా?"

"నోరు మూసుకో బ్రహ్మం."

మర్నాడూ దులపలేదు. ఆ మర్నాడూ అంతే. అమ్మకు ఇస్తానన్న దాన్ని బయటికి వెళ్ళగొట్టలేడు, దులపనిదాన్ని కోయలేడు. పుంజు రెక్కలు వేలాడేసి, కళ్ళు సగం మూసి కూర్చునేది. అదే షెడ్డులో అయితే ఇస్తారి గుమ్మంలో నుంచే రోగమని పసిగట్టేవాడు. ఇక్కడ మాత్రం తన వల్ల ఏం తప్పు జరిగిందా, అమ్మకు ఎందుకు కోపమొచ్చిందా అని వెతుక్కున్నాడు. పుంజుకు కాస్త బలం వస్తే దులుపుతుందని, షెడ్డు నుంచి పిల్లల దాణా రోజూ డబ్బాతో తెచ్చి పెట్టసాగాడు. తిరిగి పోయేటప్పుడు చేతులు సబ్బుతో రుద్దుకునేవాడు, చెప్పులు మార్చేవాడు, తొట్టిలో పాదాలు ముంచేవాడు. డబ్బా మాత్రం నేరుగా పోయి దాణా బస్తాలో పడేది.

ఒక పొద్దున షెడ్డు తలుపు తీయగానే అరుపు తేడాగా వినిపించింది. దాణా తొట్ల పక్కన పిల్లలు కుప్పపడి ఉన్నాయి. రెక్కలు కిందికి జారాయి, వెనకవైపు తెల్లగా గడ్డకట్టింది. ఇస్తారి మోకాలు నొప్పి మరిచి నేల మీద కూర్చుని ఒక్కోదాన్నీ ఎత్తి చూశాడు. తర్వాత లేచి రూమ్ వెనక్కి పోయి చూశాడు. పుంజు చెట్టుకు కట్టిన తాడు చివర చచ్చి బిగుసుకుపోయి ఉంది. తోక ఎత్తి చూశాడు, అక్కడా అదే తెల్లటి గడ్డ. అప్పుడు పక్కన పడి ఉన్న దాణా డబ్బా కనిపించింది.

డాక్టరు వచ్చాడు. బతికిన పిల్లలు కూడా రోగాన్ని కడుపులో దాచుకుని పెరుగుతాయని, రేపు వాటి గుడ్లలోకీ వస్తుందని, ఏదీ మిగలకూడదని చెప్పి పోయాడు. నసీరుద్దీన్ కోపమంతా ఇర్షాద్ మీద పడింది. ఇర్షాద్ బీహారీ, ఒకసారి బయటి చెప్పులతో షెడ్డులో దొరికినవాడు.

"నీ చెప్పులే! నిన్ను రేపే ఊరికి పంపిస్త!"

"కసమ్ ఖుదా కీ, నేను కాదు భాయ్," ఇర్షాద్ ఏడుపు మొదలుపెట్టాడు.

పుంజును అప్పటికే ఇసుకలో లోతుగా పాతేశాడు ఇస్తారి. ఎవరూ అడగరు. అయినా ముందుకు వచ్చి, "ఇర్షాద్ కాదు సార్, నేను," అన్నాడు. అంతా చెప్పాడు.

నసీరుద్దీన్ తిట్టలేదు. "తెచ్చిన్నాడే కోసుకుని తిన్నా అయిపోతుండె గదరా."

"ఒళ్ళు దులపలే సార్."

"రోగమున్న కోడి ఎట్ల దులుపుతదిరా? నీకు ఎర్కలేదా?"

"ఎర్కనే," అన్నాడు ఇస్తారి.

పిల్లలను పట్టి, చంపే గ్యాస్ పెట్టెల్లో వేయడానికి బయటి మనుషులను పిలుస్తామంటే, వద్దు, వాళ్ళు మొరటుగా రెక్కలు పట్టుకుంటారు, నేనే పడతానన్నాడు. బాగున్నవి కూడా చాలా ఉన్నాయి. అవి అతను దాణా తెచ్చాడనుకుని పరుగెత్తుకుంటూ వచ్చి కాళ్ళ చుట్టూ మూగాయి. వెతికి పట్టుకునే పని లేకుండా పోయింది.

నసీరుద్దీన్ కంపెనీని బతిమాలి అతన్ని ఊరికి పంపకుండా ఆపాడు. పెద్ద గేటు దగ్గర వచ్చే బండ్ల టైర్లకు మందు కొట్టే పని ఇచ్చి, షెడ్ల వైపు రావద్దన్నాడు. ఇస్తారి ప్రతి బండినీ ఆపుతాడు. "బండిల కోడున్నదా? పిట్టున్నదా?" అని అడుగుతాడు. దాణా లారీ డ్రైవర్ తౌసీఫ్ రోజూ ఒకటే జోకు వేస్తాడు, "నేనొక్కణ్ణే ఉన్నా భాయ్, కావాలంటే నన్ను కొయ్యి" అని. ఇస్తారి నవ్వడు. సీటు ఎత్తించి కింద కూడా చూసి, అప్పుడు గేటు గొలుసు తీస్తాడు.

చలికాలం వచ్చింది. పిల్లల షెడ్డుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. మళ్ళీ పిల్లలు ఎప్పుడొస్తాయని నసీరుద్దీన్‌ను అడగాలని ఉంటుంది అతనికి. కానీ ఆయన జీపు గేటు దగ్గర ఆగగానే, అడగకుండా పైపు పట్టుకుని టైర్లు కడుగుతాడు.