సిక్ లైన్లో పెట్టిన మాట

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కలిపి మాటలు చేసే ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. నాలుగైదు అక్షరాలు గుండ్రంగా ఇస్తారు, వేలితో కలుపుకుంటూ పోతే మాట అయినది పచ్చగా వెలుగుతుంది. పిల్ల టకటకా కలిపేస్తోంది. ఒకచోట ఆపి దీని అర్థం ఏమిటమ్మా అని అడిగితే, అర్థంతో పనేముంది నాన్నా, అక్షరాలు కుదిరితే చాలు అంది. నాకు ఒళ్ళు మండిపోయి ఫోను లాక్కుని అవతల పెట్టేశాను. ఇంత చిన్న మాటకు అంత కోపమేమిటని మా ఆవిడ వింతగా చూసింది. నా ఈడువాళ్ళు గనక మీతో చెప్పుకోవచ్చు, అది ఆ పిల్ల మీది కోపం కాదు, ఇరవై ఏళ్ళకు పైగా నాలో ఉడుకుతున్నది.

కొత్త రాష్ట్రం వచ్చి రాయపూర్ రాజధాని అయిన తొలిరోజులవి. మా తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళం. నాన్న గూడ్సు యార్డులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, అన్నయ్య కూడా రైల్వేలోనే చేరాడు. జ్వరమని పడుకున్నవాడు పదిరోజుల్లో లేకుండా పోయాడు. వదినకు అప్పటికి ముప్పై నిండలేదు, నాలుగేళ్ళ కొడుకు. అన్నయ్య బదులు రైల్వేలో ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు కాని, ముందు చిన్న పరీక్ష రాయాలి, అదీ హిందీలోనో ఇంగ్లీషులోనో. వదిన పలాస పక్కన తెలుగులో ఇంటరు చదివిన మనిషి, ఆమె హిందీ కూరల బండి దగ్గర బేరానికి సరిపోయేంతే. ఇక చుట్టాలు ఒకటే సన్నాయి నొక్కులు. ఈవిడేం పరీక్ష రాస్తుంది, ఈవిడకు ఆఫీసెందుకు అని, ఆమెకు వినపడేలాగే అనేవాళ్ళు. ఇప్పుడు తలుచుకున్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నాన్న మాత్రం పాత డిక్షనరీ ఒకటి తెచ్చి రోజూ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టేవారు. ఆయనకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు. ముప్పై ఏళ్ళు గూడ్సు బండి డబ్బాల మీది అక్షరాలు చూసి, ఏ అక్షరాల డబ్బాలను ఆ వరసలో రాసుకున్న మనిషి గనక మాటలు కూడా అలాగే నేర్పారు. ఒకరోజు చివర మెంట్ అని వచ్చేవన్నీ ఒక వరస, పేమెంట్, సెటిల్‌మెంట్, అపాయింట్‌మెంట్. ఇంకోరోజు ఆర్-ఈ అనే రెండక్షరాలతో మొదలయ్యేవి, రిటర్న్, రిపీట్, రిన్యూ. మాట ఆయన రాస్తే ఎదురుగా తెలుగులో అర్థం ఆమె రాయాలి. డబ్బా మీది అక్షరాలు చదివి లోపల సరుకేమిటో చెప్పలేకపోతే ఇక గుమాస్తా ఎందుకని ఆయన వాదన. ఈ వరసలో మళ్ళీ అనే అర్థం ఉంటుందని ఆయన చెబుతుంటే, రిఫ్యూజ్ దగ్గర వదిన ఆగి, వద్దనడంలో మళ్ళీ ఎక్కడుంది మావయ్యా అని అడిగింది. నాన్న గడ్డం గోక్కుని, చెడిపోయి వరసలో నడవని డబ్బాను యార్డులో విడిగా సిక్ లైన్లో పెడతాం, దీన్నీ అక్కడ పెట్టమ్మా అన్నారు. వదిన నవ్వి, పేజీ అంచున గీత గీసి ఆ ఒక్క మాటనూ విడిగా రాసుకుంది. అన్నయ్య పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

నేనప్పుడు బీకాం చేసి రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నాను. ఉర్లా ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసే పెదనాన్నకు ఒక ఆలోచన వచ్చింది. వదిన తనకు వద్దని రాసిస్తే ఆ ఉద్యోగం నాకు వేయించవచ్చునట, ఆమెనూ పిల్లాణ్ణీ నేను చూసుకుంటానట. అలా మారుస్తారో మార్చరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నోటి దగ్గరి ముద్దను ఎంత దర్జాగా పంచుకున్నామో చూడండి, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒకరోజు నాన్న బజారుకు వెళ్ళిన వేళ చూసి పెదనాన్న ఇంగ్లీషులో టైపు కొట్టించిన కాగితం పట్టుకొచ్చారు. బస్, సంతకమే కదమ్మా, జల్దీ పెట్టేయ్ అని కలం కూడా ఆయనే చేతికిచ్చారు. వదిన చేతులు తుడుచుకుని, పెదనాన్న వైపు కాకుండా నా వైపు చూసింది. ఇదేం కాగితం బాబూ అని అడిగింది. అది నేను అంతకుముందే చదివాను. చదివి కూడా, మామూలు కాగితమే వదినా అన్నాను.

ఆమె కలం ఆనించబోయి, ఎందుకో పైనుంచి ఒక్కొక్క మాటే వేలితో నడుపుకుంటూ వచ్చింది. మూడో వరసలో వేలు ఆగింది.

"ఇది సిక్ లైన్లో మాట కదా బాబూ," అంది నెమ్మదిగా. "వద్దన్నది ఎవులు? నానేనా?"

పెదనాన్న గొంతు పెంచారు, ఆడవాళ్ళకు ఇంత చదువు తగదన్నారు. నేను గోడకు అంటుకుపోయాను. వదిన కాగితం మడిచి, మావయ్య వచ్చాక చూద్దామని చెప్పి, పొయ్యి మీది పప్పు దించడానికి లోపలికి వెళ్ళింది. నాన్న వచ్చి అది చదివి, అన్నగారిని ఒక్క మాటా అనలేదు, నాతో మాత్రం నెలరోజులు మాట్లాడలేదు. మోసమంతా పెదనాన్నదేనని ఏళ్ళ తరబడి తిట్టుకున్నాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఎవరితోనో రాయించుకొచ్చారు. ఆ గదిలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

వదిన పరీక్ష రాసి నెగ్గింది. ఇప్పుడు ఆఫీసులో ఆమె కిందే నలుగురు పని చేస్తున్నారు, కొడుకు ఇంజనీరయ్యాడు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, పండుగకు నాకు బట్టలు పెట్టడం మానలేదు. ఈమధ్య మా ఉమ్మడి ఇంటి పన్ను కాగితం ఒకటి సంతకానికి తీసుకెళ్ళాను. నాకు కాఫీ ఇచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ మొదటినుంచి చదివి అప్పుడు పెట్టింది. అన్నయ్య ఉన్న రోజుల్లో నేను ఏ కాగితం తెచ్చినా కూర కలుపుతూనే, ఎక్కడ పెట్టాలి బాబూ అని మాత్రం అడిగేది.