ఇసకూరికి ఒక చెంబు నీళ్ళు

నిన్న సాయంత్రం బిష్టుపూర్ బజార్లోని ట్రావెల్స్ ఆయన నా ఫోన్‌కి ఒక బొమ్మ పంపాడు. ఎర్రటి ఇసక కొండ, దాని అంచు మీద నడుస్తున్న నలుగురు దొరలు, పైన మబ్బు తునక కూడా లేని ఆకాశం. ఈ సీజన్లో నమీబియాకి మంచి ప్యాకేజీ ఉందనీ, మమ్మల్ని తాను మరిచిపోలేదనీ కింద హిందీలో రాశాడు. మరిచిపోకపోవడం అతని వ్యాపారం. ఒకప్పుడు నేనూ మా అప్పా అతని కొట్లో ఏసీ కింద కూర్చుని, కొనేదేమీ కొనకుండా టీల మీద టీలు తాగాం కాబట్టి అతన్ని ఏమీ అనడానికి లేదు. బొమ్మని చెరిపేద్దామని వేలు పెట్టి, మళ్ళీ తీసేశాను. మా శ్రీకాకుళం వైపు పెద్దక్కని అప్ప అంటాం. ఆ దేశానికి ప్రయాణం కట్టింది అప్పే. నేను తోడు.

నేను రైల్వే గార్డుగా రిటైరైన మనిషిని. మా ఇంట్లో ప్రయాణమంటే పాసు, పరుపుచుట్ట, పులిహోర. ఏ స్టేషన్లో దిగి ఏ బండి పట్టుకోవాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను, విమానం మాత్రం తలెత్తి చూడ్డమే. బావ కాంట్రాక్టు ఫిట్టరు. మేమంతా బతుకుతెరువుకి వచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్ళోనే స్టీలు పని, బిర్సానగర్ పేటలో ఇల్లు. తన ఇంటి గుమ్మంలోకే తల వంచి రావలసినంత పొడుగు మనిషి. డ్యూటీ దిగి రాగానే చెంబెత్తి, పెదవులకి తగలకుండా గటగటా తాగి, రెండో చెంబుకి చెయ్యి చాపేవాడు. అప్ప అప్పటికే దాన్ని పట్టుకుని నిలబడి ఉండేది. వాళ్ళ కాపురంలో నేను చూసిన సరసమంతా అదే. అరవై దగ్గరపడ్డాక ఇక్కడ పనులు తగ్గి, ఆఫ్రికాలో ఏదో గనిలో కన్వేయర్ బెల్టులు చూసే పని దొరికింది. "ఫర్నేసు కాడ బతికినోణ్ణి, ఎడారి నన్నేటి సేత్తాది" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ ఊరి పేరు మా ఎవరి నోటా తిరగలేదు. వీడియో కాల్లో ఆయన ఎటు తిప్పి చూపించినా ఇసకే. అప్ప దానికి ఇసకూరని పేరు పెట్టేసింది.

విమానాలన్నీ ఆగిపోయిన ఆ మహమ్మారి రోజుల్లో బావ అక్కడే పోయాడు. శవాన్ని పంపలేమన్నారు. దహనానికీ కుదరదన్నారు. ఆయనతో పనిచేసే బీహారీ ఒకాయన ఫోన్లో తీసి పంపాడు. తెల్ల ముసుగులు వేసుకున్న మనుషులు ఒక పెట్టెని ఇసకలోకి దించుతున్నారు. గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడదు. శరీరం దొరకనప్పుడు దర్భలతో మనిషిని కట్టి దహనం చేయాలని ఇక్కడ పంతులుగారు చెప్పారు. పెరట్లో చాప మీద ఆయన బొమ్మ కడుతుంటే అప్ప తలుపు పట్టుకుని చూస్తోంది. ఏడవడం లేదు. కాసేపటికి, "పంతులుగారూ, ఆయన పొడుగు మనిషండీ. ఇంకాస్త పెంచండి" అంది. పంతులుగారు మరి రెండు గుప్పిళ్ళ దర్భలు కలిపి కాళ్ళు పొడుగు చేశారు. ఊళ్ళోనే భుయ్యాడీహ్ పేటలో ఉండే బావ అన్నగారు ఆ బొమ్మకి తలకొరివి పెట్టారు. గడ్డి కదా, సువర్ణరేఖ ఒడ్డున మేం సరిగ్గా నిలబడేలోపే అయిపోయింది. అంత తొందరగా ఇంటికి తిరిగి రావడానికి నాకు సిగ్గేసింది.

కొన్నేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, బియ్యం ఏరుతూ ఏరుతూ అప్ప చేట పక్కన పెట్టింది. "ఒరే తమ్ముడూ, ఇసకూర్లో వానే పడదంటరా. ఆయనకేమో దాహమెక్కువ. ఓ పాలి ఎల్లి సెంబుడు నీళ్ళు పోసొచ్చేత్తాను" అంది. పక్క వీధికి వెళ్ళొస్తానన్నట్టే ఉంది ఆ మాట. నవ్వబోయి, మొహం చూసి ఆగిపోయాను. బ్యాంకులో పనిచేసే మేనకోడలు మాత్రం అమ్మ తెలుగుకి ఎప్పట్లాగే హిందీలో జవాబిచ్చింది. "మమ్మీ, పాపా వహా నహీ హై నా. క్యా కరోగీ జాకే?" నాన్న అక్కడ లేడు కదా, వెళ్ళి ఏం చేస్తావని. "మరెక్కడున్నాడే? సెప్పు, అక్కడికే ఎల్తాను" అంది అప్ప. పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అలా మొదలయ్యాయి మా ఏర్పాట్లు. ముంబై దాకా బండి నేను చూసుకుంటాను, ఆపైన దేవుడూ ట్రావెల్సువాడూ చూసుకోవాలన్నాను. పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదని ఫొటో తీసేవాడు చెబితే, "నానెప్పుడు నవ్వేను బాబూ" అంది. ట్రావెల్స్ ఆయన కంప్యూటర్లో ఇసక కొండలూ ఏనుగులూ చూపించి, "ఆంటీజీ, శేర్ భీ దిఖేగా" అని ఊరించాడు. "శేర్ నై చాహియే బాబూ. ఉధర్ కబ్రిస్తాన్ కిత్నా దూర్ హై?" అని అడిగింది అప్ప. సింహం వద్దు, శ్మశానం ఎంత దూరమో చెప్పమని. పాపం, ఆ మనిషి చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. తేరుకుని ఇంకో టీ తెప్పించాడు. నీళ్ళ సీసా చేతి సంచీలో ఒప్పుకోరని, పెట్టెలో పెట్టుకోవచ్చని చెప్పాడు. అప్పకి ఆ ఒక్క ముక్కే కావాలి.

ఇక టికెట్లు తీద్దామనుకుంటుండగా బీహారీ ఆయన ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడో ఇంటికి వచ్చేశాడు. మా కోసం అక్కడి తెలిసినవాణ్ణి పంపించి చూపించాడట. బావ పేరు రాసి దిబ్బ మీద పాతిన ఇనప రేకు ఇప్పుడు లేదు. గాలికి ఇసక కప్పేసి అంతా ఒక్కలాగే ఉంది, ఏది ఎవరిదో తెలియడం లేదు. ఈ మాట అప్పకి చెప్పి, ఇక మానేద్దామన్నాను. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఏ దిబ్బైతే ఏట్రా. అన్నింటి మీదా తలా సుక్క పోత్తాను. అందులో ఒకటి ఆయనదే కదా" అంది. ఆ రోజు బిర్సానగర్ నుంచి ఆటోలో వస్తూ దారంతా నేనేడ్చాను.

ఈ సంగతి తెలిసి బావ అన్నగారు వచ్చారు. "కాల్చీసినోడికి గోరీ ఏటమ్మా? ఆడికో దారి సూపించీసినాం. ఇప్పుడు నువ్వెల్లి అక్కడ కూకుని పిలిత్తే ఆడు ముందుకెల్తాడా, ఎనక్కొత్తాడా?" అన్నారు. ఆయన మొండి మనిషి కాదు. తన చేత్తో తమ్ముడికి పెట్టిన నిప్పు ఉత్తుత్తిదంటే ఏ అన్న తట్టుకోగలడు? చివరికి ఆయనే, ముందు గయలో పిండం పెట్టేద్దాం, ఆ తర్వాత ఎక్కడికైనా వెళ్ళమన్నారు. గయ అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. బండి తెలుసు, పాసు చెల్లుతుంది. అప్పకీ ఆ మాట న్యాయంగానే తోచింది. పితృపక్షం కొద్ది నెలల్లో ఉంది, అంతవరకూ ఆగుదాం, ఇసకూరు ఎక్కడికి పోతుందనుకున్నాం. శ్రావణంలో ఒక పొద్దున్న అప్ప నీళ్ళపొయ్యి దగ్గర పడిపోయింది.

ఎడమ పక్క మొత్తం పడిపోయింది. విమానం మాట ఇక తలపెట్టవద్దని డాక్టరు చెప్పారు. గయ కూడా జరగలేదు. ఆదివారాలు వెళ్ళి మంచం పక్కన కూర్చుంటాను. మాట ముద్దగా వస్తుంది, సగం నేనే ఊహించుకోవాలి. పోయిన ఆదివారం మాత్రం స్పష్టంగా అంది. "ఆయన్ని రెండుపాల్లు సాగనంపీసినాం. ఒకపాలీ మొకం సూడనేదురా."

లేటైన బండి కోసం ప్లాట్‌ఫారం మీద పిల్లాపాపలతో పడిగాపులు పడేవాళ్ళకి, వచ్చేస్తుందమ్మా, వచ్చేస్తుందని ఉద్యోగమంతా ధైర్యం చెప్పినవాణ్ణి. అప్పకి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఇంకా చాలా టైముంది కదా అని మేం ఊరికే కూర్చున్న ఆ కొద్ది నెలలే మాకున్న టైమంతా.