పదమూడో నంబరు తీగలు

ఆ వీధిలో గిటార్లు బాగుచేసే ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. అసలు పేరు దుకాణం బోర్డు మీద ఉండేది గానీ దాన్నెవరూ చదివిన పాపాన పోలేదు. ఎవరైనా గిటార్ పట్టుకొచ్చి ఒక్క తీగ మీటితే చాలు, అది ఏ స్వరంలో ఉందో, ఉండాల్సిన చోటు నుంచి ఎంత దిగిందో ఆయన తలెత్తకుండానే చెప్పేసేవాడు. ముందు గదిలో ఆయన కూతురు తీగల ప్యాకెట్లు అమ్మేది. వెనక గదిలో జిగురు డబ్బాలు, బిగింపు పట్టీలు, చెక్కపొట్టు మధ్య ఆయన కూర్చునేవాడు. నలభై ఏళ్ళుగా అదే గది, అదే కిటికీ, అదే కుంటి స్టూలు.

తీగలు ఎంచడంలో ఆయనకో పద్ధతి ఉండేది. తీగల సెట్లకి పది, పదకొండు, పన్నెండు, పదమూడు అని నంబర్లుంటాయి. సెట్టులో అన్నిటికంటే సన్నటి తీగ ఎంత మందమో చెప్పే నంబరది. నంబరు పెరిగేకొద్దీ తీగలు లావవుతాయి, మోత నిండుగా ఉంటుంది, చెక్క మీద లాగుడు కూడా అంతకంత పెరుగుతుంది. "లావువి వెయ్యండి, గట్టిగా మోగాలి" అంటూ వచ్చినవాళ్ళని ఆయన ముందు చెయ్యి చాపమనేవాడు. వేళ్ళ కొసలు నొక్కి చూసేవాడు. తర్వాత గిటార్ పొట్ట మీద అరచెయ్యి వేసి చెక్క బలం చూసుకునేవాడు.

"తీగలూ చెక్కా మొగుడూ పెళ్ళాల్లాంటివి బాబూ. ఒకళ్ళు లాగుతుంటే ఇంకొకళ్ళు ఓర్చుకోవాలి. ఎంతవరకు ఓర్చుకుంటారో చూసుకునే కట్టబెట్టాలి" అని నవ్వేవాడు. పదమూడు కావాలని పంతంగా వచ్చినవాళ్ళలో సగం మంది పదకొండు వేయించుకుని బుద్ధిగా వెళ్ళిపోయేవాళ్ళు.

అరవై ఐదు దాటాక ఓ చిత్రం మొదలైంది. రేడియోలో వచ్చే పాత పాటలు ఉండాల్సిన స్వరం కంటే పైన వినబడసాగాయి. "వీళ్ళు రికార్డుని తొందరపెట్టి తిప్పుతున్నారే" అని ఆయన విసుక్కుంటే కూతురు నవ్వేసేది. గిటార్ తలకి తగిలించి శ్రుతి చూసుకునే చిన్న యంత్రం ఒకటి కొనితెచ్చిందామె. అది చూపించేదంతా ఆయనకి తప్పుగా తోచేది. బ్యాటరీ పోయిందని రెండుసార్లు మార్పించాడు కూడా. ఈలోగా ఆయన చెవితో శ్రుతి చేసి ఇచ్చిన గిటార్లు రెండు వెనక్కి వచ్చాయి. "కిందికుంది మేస్త్రిగారూ" అన్నారు తెచ్చినవాళ్ళు, మొహమాటపడుతూ. ఆ తర్వాత ఆయన వాదించడం మానేశాడు. యంత్రం ఎక్కడ ఆగమంటే అక్కడ తీగ బిగించే బిరడా ఆపి ఇచ్చేసేవాడు. లోపం తన చెవిలోనే ఉందేమోనన్న అనుమానం రాకపోలేదు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని చేతిలోకి తీసుకుని దాన్ని అవతలికి నెట్టేశాడు.

ఒక మధ్యాహ్నం, పక్క వీధిలో స్కూలు యూనిఫారాలు కుట్టే టైలరమ్మ, దుప్పట్లో చుట్టిన గిటార్ ఒకటి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. పోయి రెండు నెలలైంది.

"ఆయనదండీ" అంది. "మూడు తీగలు తెగిపోయాయి. మిగతావి తుప్పుపట్టి వదులైపోయాయి. ఆయన దగ్గర ఎలా మోగేదో అచ్చం అలాగే మోగాలి."

"ఎలా మోగేదో నాకెలా తెలుస్తుందమ్మా?"

ఆవిడ ఫోను తీసి, అందులో రికార్డు చేసి ఉంచిన భర్త పాట పెట్టి బల్ల మీద ఉంచింది. డ్రైవరు ముందుగా అన్నిటికంటే లావు తీగని ఒక్కదాన్నే రెండుసార్లు మీటి, గొంతు సవరించుకుని, పాట ఎత్తుకున్నాడు. బొంగురు గొంతు, తీరికగా సాగే పాట. మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు.

"మామూలు శ్రుతేనమ్మా" అన్నాడు ధీమాగా. పాత తీగని కొలిచి చూస్తే పదమూడు. గిటార్ పొట్ట మీద అరచెయ్యి వేశాడు. పలచటి పాత చెక్క. ఇంత పలచటిదానికి పదమూడా అని మనసు ఒక్క క్షణం వెనక్కి లాగింది. కానీ ఇన్నాళ్ళూ ఇదే తీగ, ఇదే శ్రుతిలో ఓర్చుకుందంటే ఇక మీదటా ఓర్చుకుంటుంది కదా అని సర్దిచెప్పుకున్నాడు. అలవాటుగా ఆవిడ వేళ్ళు కూడా చూశాడు.

"మీరే వాయిస్తారా? మీ వేళ్ళకి పదకొండు చాలు."

"నాకు మూడే కార్డ్‌లు, అదే తీగల మీద వేళ్ళ పట్లు, వచ్చండీ, ఆయన నేర్పినవి. సాయంత్రం మిషను కట్టేశాక, ఫోన్లో ఆయన పాడుతుంటే పక్కన కూర్చుని వాయించుకుందామని. లావువే వెయ్యండి. నొప్పెడితే పెడుతుంది."

మేస్త్రి పదమూడే వేసి, యంత్రం ఆగమన్న చోట మామూలు శ్రుతికి బిగించాడు. ఆవిడ రెండు రోజుల తర్వాత వచ్చి, కొత్త తీగల మీద ఒకసారి బొటనవేలు దించి, తల పక్కకి వంచింది.

"కొంచెం పైకి ఉన్నట్టుందేమిటండీ?"

"కొత్త తీగలమ్మా. నాలుగు రోజులు పోతే సర్దుకుంటాయి" అన్నాడు మేస్త్రి. సంగీతం రాని మనిషి తనకి శ్రుతి చెప్పడమేమిటని లోపల కాస్త చిరాకు కూడా పడ్డాడు.

పన్నెండో రోజున ఆవిడ మళ్ళీ వచ్చింది, అదే దుప్పటితో. మేస్త్రి ముడి విప్పి చూశాడు. తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి, కింద చెక్క పెచ్చుతో సహా పైకి లేచిపోయింది. దాని పక్కనుంచి పొట్ట నిలువునా జానెడు మేర చీలింది.

"పొద్దున మిషను తొక్కుతుంటే టప్‌మని చప్పుడైందండీ. చూస్తే ఇలా ఉంది. నేనేమన్నా తప్పు చేశానా?" అందావిడ. ఎడమ చేతి వేళ్ళు చాపి చూపించింది. కొసల మీద ఎర్రటి గాట్లు, ఒక వేలికి చుట్టిన గుడ్డపీలిక. "రోజూ కూర్చున్నాను. ఎంత నొక్కినా ఆయన పాటతో కలవదు. నా వేళ్ళకి చాతకావట్లేదనుకుని ఇంకా గట్టిగా నొక్కాను."

"ఆ పాట మళ్ళీ ఒక్కసారి పెట్టండమ్మా" అన్నాడు మేస్త్రి. కూతుర్ని పిలిచి ఆ చిన్న యంత్రాన్ని ఫోను పక్కన పట్టుకోమన్నాడు. డ్రైవరు లావు తీగ మీటాడు. మేస్త్రి చెవికి అది ఉండాల్సిన చోటే ఉంది. యంత్రం మాత్రం శ్రుతిలో రెండు మెట్లు కింద చూపించింది. మళ్ళీ పెట్టించాడు. మూడోసారి కూడా పెట్టించాడు.

"నాన్నా, కిందికే ఉంది" అంది కూతురు మెల్లగా. "నాకూ అలాగే వినిపిస్తోంది."

టైలరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "కిందికే కదండీ ఉండేది. గొంతులో జబ్బు ముదిరాక ఆయనకి పైకి అందేది కాదు. అందుకని తీగలన్నీ దించేసుకున్నారు. దించితే వదులైపోయి కొట్టుకుంటున్నాయని లావువి తెచ్చుకుని వేసుకున్నారు."

"అయ్యో, ఈ మాట ఆ రోజే చెప్పాల్సింది కదా ఆంటీ" అంది కూతురు.

"చెప్పాలని నాకేం తెలుసమ్మా? ఎవరూ అడగలేదు కదా" అందావిడ. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు.

మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. పదమూడో నంబరు తీగలు రెండు మెట్లు దిగి ఉంటే ఆ చెక్క ఇంకో ఇరవై ఏళ్ళు నిలిచేది. వాటినే పూర్తి శ్రుతికి బిగించి లాగింది తను. ఆవిడ వేళ్ళ మీది గాట్ల వైపు మళ్ళీ చూశాడు.

"తప్పు మీ వేళ్ళది కాదమ్మా" అన్నాడు చివరికి. "నా చెవి పోయింది. ఎప్పుడో పోయింది. ఎవరికీ చెప్పలేదు నేను."

కూతురు తండ్రిని అలా చూడటం అదే మొదటిసారి. యంత్రాన్ని గుప్పిట్లో దాచుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ గిటార్ మీద ఆయన మూడు వారాలు పనిచేశాడు. ఇంకే పనీ ముట్టలేదు. పాత జిగురుని వేడి కత్తితో గీకి తీశాడు. చిన్న అద్దం లోపలికి దింపి చూస్తూ, చీలిక వెనక గోరంత చెక్క ముక్కలు ఒక్కొక్కటే అతికించాడు. ఒక్కో అతుకు ఆరేదాకా పట్టీలు బిగించి, పక్కనే కూర్చుని కాపలా కాశాడు. చేతులకి మాత్రం ఏ లోటూ రాలేదు. చివరికి అసలు చిక్కు తీగల దగ్గర వచ్చిపడింది. పదమూడు ఆ చెక్కకి ఇక ఎంత దించినా భయమే. పదకొండు వేసి దించితే బట్టలారేసే తాడులా ఊగి గరగరమన్నాయి. మధ్యనున్న పన్నెండు వేసి, రెండు మెట్లు దించమని కూతురికిచ్చాడు. తను బిరడాల మీద చెయ్యి వేయలేదు.

టైలరమ్మ ముందు గదిలోనే కూర్చుని ఫోను పెట్టుకుంది. మొగుడి గొంతు మొదలవగానే తనకి వచ్చిన మూడు కార్డ్‌లూ జాగ్రత్తగా, కాస్త ఆలస్యంగా వేసుకుంటూ పోయింది. పాట అయిపోయాక ఫోను ఆపింది.

"కలిసింది" అంది. గిటార్ పొట్ట మీద అతుకు వెంట వేలు పోనిచ్చి, "మోత మాత్రం ఆయనది కాదు. ఇది వేరే" అంది.

మేస్త్రి అవునన్నట్టు తలూపాడు. ఆవిడ దుప్పటి చుట్టుకుని, నాలుగు చోట్ల ముడేసుకుని వెళ్ళిపోయింది.

కూతురు పట్టుబట్టి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వయసుతో కొందరికి ఇలా స్వరం జరిగిపోతుందనీ, జరిగింది వెనక్కి రాదనీ డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి శ్రుతి పనంతా కూతురిదే. మేస్త్రి చెక్కపని చేసుకునేవాడు. తీగలు కావాలని ఎవరొచ్చినా, "ఏ శ్రుతిలో వాయిస్తారో అమ్మాయికి చెప్పండి" అని లోపలికి వెళ్ళిపోయేవాడు. జనం మాత్రం చెవి మేస్త్రి అనడం మానలేదు. అలవాటైన పిలుపు, ఎవరికీ దురుద్దేశం లేదు. ఆయన మాత్రం అలా పిలిచినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి పలికేవాడు. వెనక గదిలో రేడియో తీసేయించాడు. కుర్రతనం నుంచి ప్రాణంలా పట్టుకున్న పాటలు అడ్రసు మారిన ఇళ్ళలా వినబడుతుంటే భరించలేకపోయాడు.

ఆ ఏడాది చివర్లో ఒక సాయంత్రం జిగురు కొనుక్కుని వస్తూ ఆయన టైలరమ్మ ఇంటి ముందు నుంచి నడిచాడు. కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. లోపల ఫోన్లో డ్రైవరు పాడుతున్నాడు, పక్కన గిటార్ నెమ్మదిగా మోగుతోంది. మేస్త్రి గోడ పక్కన నిలబడి విన్నాడు. ఆ గొంతూ ఆ తీగలూ రెండూ ఆయనకి అసలు చోటు కంటే పైనే వినిపించాయి, కానీ కలిసే వినిపించాయి. పాట మధ్యలో ఒకచోట ఆవిడ కార్డ్ మార్చడం ఆలస్యమై తప్పింది. ఫోను ఆపి, మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుంది. తలుపు తట్టడానికి ఆయనకి మొహం చెల్లలేదు. జిగురు డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని ఇంటిదారి పట్టాడు.